ఫిర్యాదు తీసుకోవడం బాగుంది, మూసేయడమే బాగోలేదు: ఒక మున్సిపాలిటీ ఏఐ వాట్సాప్ సేవ మీద నా సమీక్ష

ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. వీధి దీపం, చెత్త, కుళాయి, కాలువ లాంటి ఫిర్యాదులు తీసుకోవడం వరకే చూస్తే నాలుగున్నర ఇచ్చేదాన్ని. తీసుకున్న ఫిర్యాదుని తనంతట తనే మూసేస్తోంది. పథకం గురించి అడిగినవాళ్ళకి "మీరు అనర్హులు" అని తేల్చి చెప్పేస్తోంది. ఈ రెండూ చూశాక నాలుగున్నర ఇవ్వబుద్ధి కాలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా. బస్టాండు దగ్గర జెరాక్సు, నెట్ సెంటరు నడుపుతున్నాను. జెరాక్సు అన్నది బోర్డు మీదే, రోజంతా చేసేది అప్లికేషన్లు. ఆదాయ ధ్రువపత్రం, రైస్ కార్డులో పేరు చేర్పు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి పన్ను, పాన్ కార్డు. ఎండలో నడిచొచ్చి స్టూలు మీద కూర్చుని, ఫోను నా చేతిలో పెట్టి "ఇందులో ఏటి రాసినారో సూడమ్మా" అనేవాళ్ళు రోజూ ఉంటారు. అందుకని ఇది నా ఒక్క ఫోను చూసి రాస్తున్నది కాదు. కొన్ని నెలలుగా మా షాపులో, నా కళ్ళ ముందు, రకరకాల జనం ఈ సేవని వాడుతుంటే చూసి రాస్తున్నది.

ఏ మున్సిపాలిటీయో చెప్పను. ప్రయోగంగా నడుపుతున్నారు, సిబ్బంది కొద్దిమంది, నిజంగా కష్టపడుతున్నారు. వాళ్ళని వేలెత్తి చూపడం నాకిష్టం లేదు. ఇలాంటివి రేపు ప్రతి మున్సిపాలిటీకి, ప్రతి పంచాయతీకి వస్తాయి. అప్పుడు మనం ఏం అడగాలో తెలియాలని రాస్తున్నాను.

ఇంకో మాట. ఇది 'మన మిత్ర' గురించి కాదు. రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్ కంపెనీ మెటాతో ఒప్పందం చేసుకుని 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టింది మన మిత్రని. సర్కారు పని వాట్సాప్‌లో అవుతుందన్న నమ్మకం మా వైపు జనానికి దానితోనే వచ్చింది. ఆ అలవాటు చూసి ఈ మున్సిపాలిటీ వాళ్ళు తమ ఊరి పనులకి వేరేగా ఒకటి పెట్టుకున్నారు. ఇందులో నంబర్లు నొక్కుకుంటూ పోనక్కర్లేదు. మామూలుగా మాట్లాడొచ్చు, వాయిస్ పెట్టొచ్చు, ఫొటో పంపొచ్చు. అవతలున్న ఏఐ సంగతేమిటో పట్టుకుని, వార్డు సచివాలయంలో ఏ సెక్రటరీకి పంపాలో తేల్చి, ఫిర్యాదు నంబరు ఇస్తుంది.

ఆ పని బాగా చేస్తోంది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మా షాపు వెనక సందులో లైటు పోయింది. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ సందులోంచే నడవాలి. స్తంభం ఫొటో తీసి పంపాను. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరుని ఫొటోలోంచే చదివేసింది, వార్డు పేరు తనే చెప్పి "ఇదేనా?" అని అడిగింది, దీపాలు, నీళ్ళు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి పంపింది. మర్నాడు సాయంత్రానికి లైటు వెలిగింది. ఇదే పనికి ముందైతే తెల్లకాగితం మీద అర్జీ రాసుకుని సచివాలయానికి వెళ్ళాలి. వెళ్తే సారు ఫీల్డులో ఉంటారు. కూలికి వెళ్ళే మనిషికి అది ఒక పూట కూలి.

దూరంగా ఉన్నవాళ్ళకి ఇంకా మేలు జరిగింది. మా తీరం నుంచి ఎంతోమంది గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి వెళ్తారు. చెన్నైలో, హైదరాబాద్‌లో కట్టుబడి పనుల్లో ఉన్నవాళ్ళకి లెక్కలేదు. ఇంటి దగ్గర ముసలి తల్లిదండ్రులుంటారు. కుళాయి రావడం లేదని అమ్మ ఫోన్లో చెబితే కొడుకు అక్కడినుంచే ఫిర్యాదు పెడుతున్నాడు, నంబరు అమ్మకి పంపుతున్నాడు, అమ్మ ఆ నంబరు నాకు చూపించి ఎంతవరకొచ్చిందో కనుక్కుంటోంది. ఇంటి పన్ను గురించి అడిగినా సరిగ్గానే చెబుతోంది. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఉందని చాలామందికి తెలీదు. ఇది తెలిశాక మా వీధిలో కొందరు ఈసారి ముందే కట్టారు.

ఇక నాకు నచ్చనివి.

ప్రొఫైల్ ఫొటోలో చీర కట్టుకున్న అమ్మాయి బొమ్మ పెట్టారు. "నమస్కారం అండీ, నేను మీ సహాయకిని" అని మొదలవుతుంది. చదువుకున్నవాళ్ళకి అది యంత్రమని తెలుసు. మా మామ్మలకి తెలీదు. కుళాయి ఫిర్యాదు పెట్టడానికొచ్చిన ఒకావిడ, నేను వేరే పనిలో ఉండగా, వాయిస్ బటన్ నొక్కిపట్టుకుని తన కొడుకు పోయిన సంగతి, కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిన సంగతి, మనవడి చదువు సంగతి అంతా చెప్పుకుంది. చివర్లో "నీకు పిల్లలెంతమందమ్మా?" అని అడిగింది. జవాబుగా సేవల జాబితా వచ్చింది. ఆ మామ్మ మొహం చూసి నాకు చాలా బాధ కలిగింది. ఆవిడ గుండెలోని మాటంతా ఇప్పుడు ఎక్కడో ఒక సర్వర్లో ఉంది. ఎవరు వింటారో, ఎన్నాళ్ళుంచుతారో ఎక్కడా రాసిలేదు. మొదటి వాక్యంలోనే "నేను మనిషిని కాదు, కంప్యూటర్‌ని. మనిషితో మాట్లాడాలంటే సున్నా నొక్కండి" అని రాయాలి. రాయడమే కాదు, వాయిస్‌లో చెప్పాలి, చదవలేనివాళ్ళ కోసమే కదా వాయిస్.

వాయిస్ మా యాసకి ఇంకా సిద్ధంగా లేదు. విజయవాడ మాట బాగానే అందుకుంటోంది. "మా ఇంటెనక గెడ్డ పొంగిపోతంది, నీల్లు లోపలికొచ్చెత్తన్నాయి" అని ఒక బాబాయి చెబితే గెడ్డని (మా వైపు వాగుని అలా అంటాం) గడ్డ అని రాసుకుని ఫిర్యాదుని హెల్త్ సెక్రటరీకి పంపింది. వాన పడుతున్న రోజు అది. ఫోన్ చేసి చెబితే సెక్రటరీ అమ్మాయి వెంటనే సరిచేసింది కాబట్టి సరిపోయింది. మందస, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళున్నాయి, మెళియాపుట్టి కొండల్లో సవర మాట్లాడే ఊళ్ళున్నాయి. ఇలాంటిది జిల్లా అంతటికీ తెచ్చే ముందు వాళ్ళ గొంతులతో పరీక్షించాలి. సవర భాషకి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా ఇది, ఆ మాత్రం పట్టింపు మనకి ఉండాలి.

కాలువ ఫిర్యాదుకి కూడా ఆధార్ ఫొటో అడుగుతోంది. ఇది అస్సలు అక్కర్లేదు. కాలువలో పూడిక ఉందా లేదా అన్నదానికి నా ఆధార్‌తో పనేమిటి? పనికి ఎంత సమాచారం కావాలో అంతే తీసుకోవాలన్నది 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని మూల సూత్రం. మా షాపులో పని అయిపోయిన వెంటనే కస్టమర్ ముందే వాళ్ళ ఆధార్ ఫొటో ఫోన్లోంచి, కంప్యూటర్లోంచి తీసేస్తాం. అంత పెద్ద ఆఫీసు మాకంటే జాగ్రత్తగా ఉండాలి. తప్పనిసరైతే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైటులో ఉచితంగా దిగుతుంది, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి.

జనన ధ్రువపత్రాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనితో ఒక మనిషికి డబ్బు పోబోయింది. మా ఎదుటి వరసలో టైలరు ఒకాయన ఉన్నారు. ఆయన కూతురు అమ్మమ్మ ఊళ్ళో పుట్టింది, అప్పట్లో నమోదు చేయించలేదు. పిల్ల పుట్టి ఏడాది ఎప్పుడో దాటిపోయింది. సహాయకిని అడిగితే "ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం, కోర్టును సంప్రదించండి" అంది. ఆయన వకీలుని మాట్లాడుకుని, ఫీజు కోసం అప్పు అడగడానికి బయల్దేరుతున్నారు. దారిలో నాకు చెప్పారు కాబట్టి ఆగారు. సహాయకి చదివి చెప్పింది 1969 నాటి చట్టంలో పాత పాఠం. 2023లో ఆ చట్టాన్ని సవరించారు, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఏడాది దాటిన జననానికి ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. మనందరికీ తెలిసిన మాటలో, ఆర్డీవో ఆఫీసుకి వెళ్ళాలి. కోర్టుతో పనిలేదు, వకీలుతో అంతకంటే పనిలేదు.

పుట్టిన 21 రోజుల్లోపు నమోదు ఉచితమని మాత్రం అదే సహాయకి సరిగ్గా చెప్పింది. నన్ను భయపెట్టింది అదే. సరైన జవాబునీ తప్పు జవాబునీ ఒకే మర్యాదతో, ఒకే ధీమాతో చెబుతుంది. వినేవాడికి తేడా తెలిసే దారి లేదు. కౌంటర్లో గుమస్తాకి తెలియకపోతే "ఉండండి, సార్‌ని అడుగుతాను" అంటాడు. ఇది అనదు. న్యూయార్క్ నగరంలో కూడా ఇదే జరిగింది. 2023లో చిన్న వ్యాపారుల కోసం అక్కడి నగరపాలన ఒక చాట్‌బాట్ పెట్టింది. 2024 మార్చిలో విలేకరులు దాన్ని పరీక్షిస్తే, పనివాళ్ళకొచ్చిన టిప్పుల్లో యజమాని వాటా తీసుకోవచ్చని చెప్పింది. అక్కడి చట్టం దాన్ని ఒప్పుకోదు. కాబట్టి ఇలాంటి సేవ ఏ నియమం చెప్పినా, అది ఏ చట్టంలోదో, ఏ తేదీ నాటిదో కింద ఒక లైను ఉండాలి. డబ్బు, కోర్టు, గడువు ఉన్న ప్రశ్నలైతే ఆ విభాగం సెక్రటరీ చూశాకే జవాబు వెళ్ళాలి. ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మా దగ్గరికి ఒక తాత వస్తుంటారు. మున్సిపాలిటీ నీటి విభాగంలోనే పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఇంటి ముందు కాలువ పూడిపోయి, వాన పడితే మురుగు గడప దాకా వస్తోంది. ఫొటో తీయించి నేనే ఫిర్యాదు పెట్టాను. నంబరు వచ్చింది, శానిటేషన్ సెక్రటరీకి వెళ్ళిందని మెసేజ్ వచ్చింది. కొన్నాళ్ళకి ఒక రాత్రి పది దాటాక "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని వచ్చింది. పొద్దున నేను షట్టరు తీసేసరికి తాత నిలబడి ఉన్నారు. "కాలవ అలగే ఉందమ్మా. అయిపోనాదని ఎవులు సెప్పినారు?"

ఎవరు చెప్పారో కనుక్కుందామని నేను ఆ వార్డు సచివాలయానికి వెళ్ళాను. ఎవరూ చెప్పలేదు. జరిగింది ఇది. పారిశుధ్య కార్మికులు వీధి ఎగువ చివర నుంచి పూడిక తీయడం మొదలెట్టారు. సగం దూరం వచ్చేసరికి వాన అందుకుంది, ఆపేశారు. అంతవరకు జరిగిన పనికి రుజువుగా ఫొటో ఎక్కించారు. ఏఐ ఆ ఫొటో చూసింది. శుభ్రంగా ఉన్న సిమెంటు కాలువ కనిపించింది, ఫొటో తీసిన చోటు ఆ వీధే, తేదీ సరిపోయింది. పని అయిపోయిందని తేల్చి ఫిర్యాదు మూసేసింది. కార్మికులు అబద్ధం చెప్పలేదు. సెక్రటరీ అబద్ధం చెప్పలేదు, ఆ అమ్మాయి అసలు ఆ ఫొటో చూడనే లేదు. ఎవరూ అబద్ధం చెప్పకుండానే రికార్డులో అబద్ధం ఎక్కింది.

పైవాళ్ళ డ్యాష్‌బోర్డులో ఆ ఫిర్యాదు పచ్చరంగులో ఉంది. పచ్చరంగులో ఉన్నదాన్ని ఎవరూ తెరిచి చూడరు. మళ్ళీ తెరవమని అడిగితే "ఈ నంబరుపై ఫిర్యాదు ముగిసినది, కొత్త ఫిర్యాదు నమోదు చేయండి" అంటుంది. కొత్తది పెడితే రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. కాగితం మీద చూస్తే ఆ వీధిలో రెండు ఫిర్యాదులు వచ్చాయి, ఒకటి పరిష్కారమైంది. గడప ముందు మాత్రం మురుగు అలాగే ఉంది.

తాత కోపగించుకోలేదు. నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు. "మేం పంపుహౌసులో ఉన్నప్పుడు ఎన్ని గంటలకి మోటారు ఏసినామో, ఎన్నింటికి కట్టినామో లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టీవోలం. ఏ ఈదికి నీల్లు రాపోయినా, ఎవుల డ్యూటీయో తెలిసీది. తిట్టాలన్నా మనిషుండేవోడు." ఆ మాటలు విన్నాక ఈ సేవలో నాకేం లోటుగా ఉందో స్పష్టంగా తెలిసింది. మూసిన ఫిర్యాదు కింద సంతకం లేదు.

ఏఐ ఫొటో చూసి "పని అయినట్టుంది" అని సెక్రటరీకి చెప్పనీ, అభ్యంతరం లేదు. వందల ఫొటోలు చూడటం ఒక మనిషికి కష్టమే, అందులో అది సాయపడుతుంది. మూయాల్సింది మాత్రం సెక్రటరీ. మెసేజ్‌లో ఆ సెక్రటరీ పేరు, హోదా ఉండాలి. పని తర్వాత తీసిన ఫొటో ఫిర్యాదు పెట్టిన మనిషికి కూడా పంపాలి. తాతకి ఆ ఫొటో పంపి ఉంటే "ఇది మా ఇంటిముందుది కాదు" అని ఆ రాత్రే చెప్పేవారు. "పని కాలేదు" అని నొక్కే వీలు అదే నంబరు మీద ఉండాలి. ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు.

కాలువ సంగతి ఇలా ఉంటే, పథకాల సంగతి అన్నం ముద్దకి సంబంధించినది. ఈ సేవలో "అర్హత తెలుసుకోండి" అని ఒక భాగం ఉంది. దాన్ని ఇలా నడపడం ప్రమాదమని గట్టిగా చెబుతున్నాను.

మన రాష్ట్రంలో పథకాలకి చూసే ఆరు అంచెల పరిశీలన, జనం నోట సిక్స్ స్టెప్ వాలిడేషన్, సచివాలయం మెట్లెక్కిన ప్రతివాళ్ళకీ తెలుసు. భూమి ఎంత, కారుందా, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా, ఆదాయ పన్ను కడుతున్నారా, పట్టణంలో ఇల్లు ఎన్ని అడుగులు, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటిందా. నియమాలు మంచివా చెడ్డవా అన్న చర్చ వేరు. ఇవన్నీ వేర్వేరు శాఖల రికార్డుల్ని ఆధార్ ద్వారా కలిపి తేల్చేవి. రికార్డు తప్పైతే తీర్పు తప్పవుతుంది.

ఒక అమ్మాయి వచ్చింది, ఇద్దరు పిల్లల తల్లి. బట్టల షాపులో పనిచేస్తుంది, భర్త ఆటో తోలుతాడు. బడికెళ్ళే పిల్లల తల్లులకి డబ్బిచ్చే తల్లికి వందనం పథకం కోసం సహాయకిని అడిగితే "మీ కుటుంబ విద్యుత్ వినియోగం నెలకు 300 యూనిట్లు దాటినందున మీరు అనర్హులు" అని వచ్చింది. వాళ్ళుండేది ఒక గది, వంటగది. ఒక ఫ్యాను, రెండు లైట్లు, టీవీ. నాకు నమ్మకం కుదరక బిల్లు తెప్పించాను. ఆ ఇంటి మొత్తానికి ఒకటే మీటరు. కింద ఇంటివాళ్ళు, పక్కన ఇంకో వాటా, పైన వీళ్ళు. ఇంటివాళ్ళకి ఏసీ ఉంది. ఆ మీటరు ఎప్పుడో ఈ అమ్మాయి ఆధార్‌కి ముడిపడిపోయింది. నియమం సరే, లెక్క సరే, మనిషి మాత్రం వేరు.

ఆ అమ్మాయి సహాయకిని తిరిగి అడిగింది, ఇంకోలా అడిగింది. వాక్యం మారలేదు. నా దగ్గర కూర్చుని "అప్పా, మెషిను అబద్ధమాడదు కదా, మాదే ఏదో ఎక్కువ కాలిపోతందేమో" అంది. రాత్రి ఫ్యాను కట్టేసి పడుకుంటున్నారట, పిల్లలతో సహా. నాకు నిద్ర పట్టనివ్వని మాట అది. కంప్యూటర్ చెప్పింది కాబట్టి తప్పు తనలోనే ఉందనుకుంది ఆ పిల్ల.

నేను అర్జీ రాసిచ్చాను. వెల్ఫేర్ సెక్రటరీ ఒకమ్మాయి స్వయంగా ఆ ఇంటికి వెళ్ళింది. మీటరు చూసింది, మూడు వాటాలూ చూసింది, ఇంటివాళ్ళతో మాట్లాడింది, చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టింది. ఆ కాగితంతో కరెంటు ఆఫీసులో ముడి విప్పించుకోవడానికి కొన్ని వారాలు పట్టింది గానీ, పని అయింది. ఆ సెక్రటరీకి ఐదుకి ఐదు స్టార్లు. ఆ అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళకపోతే ఈ తప్పు ఏ కంప్యూటరూ పట్టుకునేది కాదు.

ఇలాంటివి ఎంత పెద్దవవుతాయో మనం ఎక్కడికో వెళ్ళి చూడక్కర్లేదు. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అన్న వ్యవస్థ పేర్లు, చిరునామాలు, వాహనాల రికార్డులు కలిపి చూసి అనర్హుల్ని గుర్తించేది. రిక్షా తొక్కిన ఒక పేద మనిషి పేరుని, కారున్న ఇంకొకరి పేరుతో కలిపేసిన సంగతి 2024లో పత్రికల్లో వచ్చింది. ఆ రాష్ట్రంలో 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పాల్సి వచ్చింది. నెదర్లాండ్స్ లాంటి సంపన్న దేశంలోనూ, పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది తల్లిదండ్రుల్ని మోసగాళ్ళుగా ముద్రవేశారు. ఎవరిని అనుమానించాలో చెప్పిన వాటిలో ఒక కంప్యూటర్ లెక్క కూడా ఉంది. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది.

కారణం అడగడం మన హక్కు, ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) చదవండి. ప్రభుత్వ సంస్థ తన నిర్ణయాలకి కారణాలు, ఆ నిర్ణయం తగిలిన మనిషికి చెప్పాలి. ఏఐ చెప్పిందన్నది కారణం కాదు. ఏ రికార్డు చూశారు, అందులో ఏముంది, దాన్ని ఎవరు సరిచూశారు, అది తప్పైతే నేనెక్కడికి వెళ్ళాలి? ఇవి చెబితేనే కారణం చెప్పినట్టు. కేంద్ర ఐటీ శాఖ 2025 నవంబర్‌లో విడుదల చేసిన ఏఐ పాలన మార్గదర్శకాల్లో ఏడు సూత్రాలున్నాయి. జవాబుదారీతనం అందులో ఒకటి, అర్థమయ్యేలా ఉండటం ఇంకొకటి. కాగితం మీద అన్నీ ఉన్నాయి, వార్డు స్థాయికి రావాలి.

ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ నగరాలు 2020 నుంచి ఒక పని చేస్తున్నాయి. నగరపాలనలో ఏఐ ఎక్కడెక్కడ వాడుతున్నారో, ఏ సమాచారం చూస్తుందో, మనుషులు ఎక్కడ పర్యవేక్షిస్తారో, ఎవర్ని అడగాలో జనమంతా చూసేలా ఒక రిజిస్టరు పెట్టాయి. మనకి ఇదేం కొత్త కాదు. సామాజిక తనిఖీ కోసం లబ్ధిదారుల జాబితా సచివాలయం గోడకి అంటించే అలవాటు మనకుంది. ఆ జాబితా పక్కనే ఇంకో కాగితం అంటిస్తే చాలు. ఈ వార్డులో ఏఐ ఈ పనులకి వాడుతున్నాం, ఈ పనులకి వాడం, బాధ్యులు ఫలానా, అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

వాడేవాళ్ళకి చెప్పేది కొంచెమే. వీధి పనులకి ధైర్యంగా వాడండి. ఫిర్యాదు నంబరు వచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి. పని జరగకుండా రేటింగ్ ఇవ్వకండి. అర్హత గురించి అది చెప్పింది విని ఇంటికి వెళ్ళిపోకండి, సచివాలయంలో కారణం రాసివ్వమని అడగండి. అక్కడ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమానికి అర్జీ పట్టుకెళ్ళండి.

ఈ సంగతులన్నీ రాసి మున్సిపల్ కమిషనర్ గారి పేర ఇచ్చాను. తర్వాత, ఈ సేవ చూసుకునే ఇంజినీరు కుర్రాడు మా షాపుకొచ్చాడు, చాలాసేపు కూర్చుని నోట్సు రాసుకున్నాడు. చీర కట్టుకున్న అమ్మాయి బొమ్మ తీసేశారు. జనన నమోదు జవాబు సరిచేశారు. రెండు వార్డుల్లో ఇప్పుడు ఫిర్యాదు మూసిన మెసేజ్‌లో సెక్రటరీ పేరు, పని తర్వాతి ఫొటో వస్తున్నాయి, "పని కాలేదు" బటన్ పెట్టారు. వినే మనసుంది వాళ్ళకి, అది చిన్న విషయం కాదు.

అర్హత భాగం మాత్రం మార్చలేదు. "డేటా పైనుంచి వస్తుందక్కా, మా చేతిలో లేదు" అన్నాడు. డేటా పైనుంచే రావచ్చు తమ్ముడూ, అనర్హులన్న మాట వెళ్తున్నది మీ నంబరు నుంచి కదా, అన్నాను. ఆ వాక్యం బదులు ఏం పంపాలో తెల్లకాగితం మీద రాసిచ్చాను:

"మీ ఆధార్‌కు ఈ కరెంటు మీటరు లింకై ఉంది, సర్వీసు నంబరు చివరి అంకెలు ఇవి. గత ఆరు నెలల సగటు ఇన్ని యూనిట్లు. ఈ మీటరు మీది కాకపోయినా, ఇంకొకరితో కలిసి వాడుతున్నా 1 నొక్కండి, వెల్ఫేర్ సెక్రటరీ మీ ఇంటికొచ్చి చూస్తారు. వారి పేరు, ఫోన్ నంబరు ఇవి. వారు చూసి రాసేదాకా మీ దరఖాస్తుపై నిర్ణయం జరగలేదు."

కమిషనర్ గారికి చూపిస్తానని మడిచి జేబులో పెట్టుకెళ్ళాడు. ఇంకా జవాబు రాలేదు. వచ్చే సోమవారం లోపు రాకపోతే ఇదే కాగితం అర్జీగా కలెక్టరేట్‌లో ఇస్తాను.